మూగజీవుల ఋణము

అహింస పరమధర్మమని మన పెద్దలు ఏకకంఠముతో చెప్పినారు. ఆర్తుని బాధను తొలగించుటకు మించిన పుణ్యము లేదని కూడ వారే చెప్పినారు. ఈ రెండు ధర్మములు ఒకదానితో ఒకటి విరోధింపనంతవరకు మనకు చిక్కు లేదు. ఒక ప్రాణి బాధను పోగొట్టవలెనన్న మరియొక ప్రాణిని బాధింపక తప్పదని తోచినప్పుడే ధర్మసంకటము పుట్టును. అట్టి సంకటము నేడు మన పిల్లలు చదువుకొను కళాశాలల ప్రయోగశాలలలో ప్రతిదినము ఎదురగుచున్నది. మన ఇండ్లలోని వృద్ధులు మ్రింగు మాత్రలకు ఆ ప్రయోగశాలలతో సంబంధము ఉన్నది గావున, ఇది శాస్త్రజ్ఞులకు మాత్రమే వదలిపెట్టదగిన చర్చ కాదు. గృహస్థులమగు మనము కూడ ఆలోచింపవలసిన విషయము.

మెదడులోని నాడీకణములు క్రమక్రమముగా క్షీణించు వ్యాధులు కొన్ని కలవు. వానిలో ఒకదానిని లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఒక చిన్న గ్రంథమున వర్ణించినాడు. మన ఆయుర్వేదమున కంపవాతమని పేర్కొన్న వ్యాధికి దానితో చాల పోలిక ఉన్నది. మరియొకటి 1906లో జర్మనీ వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్ ఒక రోగిణి మెదడును పరీక్షించి లోకమునకు తెలిపిన మతిమరపు వ్యాధి. ఈ వ్యాధులు ఏమి చేయునో వైష్ణవ గృహములకు వేరుగా చెప్పనక్కరలేదు. అరువది సంవత్సరములు అద్దము లేకయే ఊర్ధ్వపుండ్రమును తీర్చిన చేయి నేడు వణకును. ప్రతిదినము సహస్రనామమును తడబాటు లేక పఠించిన నాలుక నడుమ నిలిచిపోవును. తరువాతి నామము రాదు. ఎదుట నిలిచిన కుమారుని చూచి, "తమరెవరు?" అని తండ్రి అడుగును. ఇట్టి ఇంటిలో నివసించినవారు, దీనికి ఔషధమును వెదకుచున్న పరిశోధకులను తేలికగా నిందింపలేరు.

అయితే ఆ వెదకుట ఎట్లు సాగుచున్నదో కూడ మనము తెలిసికొనవలెను. ఎలుకలకు, చిట్టెలుకలకు ఈ వ్యాధులు మనకు వచ్చినట్లు సహజముగా రావు. కావున వ్యాధిని వానియందు కల్పింపవలసియున్నది. హాలోపెరిడాల్ అను మందును సూదితో ఎక్కించినచో ఎలుక శరీరము బిగుసుకొనిపోవును. దాని ముందరికాళ్ళను ఒక కడ్డీపై ఉంచి, అది ఎన్ని సెకండ్లకు క్రిందికి దిగునో లెక్కింతురు. మొక్కల వేళ్ళనుండి లభించు రోటెనోన్ అను విషమును దినదినము ఇచ్చి కంపవాత లక్షణములు కలిగింతురు. కొన్ని ప్రయోగములలో మత్తు ఇచ్చి, కపాలమునకు రంధ్రము చేసి, విషమును నేరుగా మెదడులోనికి ఎక్కింతురు. ఉమ్మెత్త కుటుంబపు మొక్కలలో లభించు స్కోపోలమీన్ అను ద్రవ్యముతో మతిమరపు పుట్టింతురు. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ మారిస్ 1981లో ఒక పరీక్షను ప్రకటించినాడు. గుండ్రని నీటితొట్టిలో కంటికి కనబడకుండ ఒక చిన్న అరుగును ఉంచి, ఎలుకను నీటిలో విడుతురు. అది ఈదుచు ఆ అరుగు ఎక్కడ ఉన్నదో వెదకుకొనవలెను. నేర్చినదానిని గుర్తుంచుకొన్నదా మరచినదా అనునది ఆ ఈతవలన తెలియును. ఈ ప్రయోగములు పెక్కింటి చివర ఎలుకను చంపి, మెదడును తీసి పరీక్షింతురు.

మా బాన్సువాడనుండి నిజామాబాదు, హైదరాబాదు నగరములకు పోయి ఫార్మసీ చదువుచున్న పిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో ఒక బాలిక, మా వీధిలోనే పెరిగినది, సెలవులకు వచ్చినప్పుడు నన్ను ఇట్లు అడిగినది: "అయ్యగారూ, నా పరిశోధనకు ఎలుకలకు వణకు రోగం తెప్పించి, ఒక మూలిక రసం పోసి చూడాలి. చివరకు వాటిని చంపాలి. చేయకపోతే పట్టా రాదు. చేస్తే పాపమా?" ఆమె ప్రశ్నకు ఒక్క మాటలో అవునని గాని కాదని గాని చెప్పుట సులభము. కాని ఆ రెండును సత్యము కావని నాకు తోచినది. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు నేను వెదకిన సమాధానము.

మొదట ఆ మార్గమువలన కలిగిన మేలును దాచక చెప్పుకొనవలెను. మన దేశపు సర్పగంధ మూలికనుండి రిసర్పీన్ అను సారమును 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు వేరుచేసినారు. స్వీడను దేశీయుడగు ఆర్విడ్ కార్ల్‌సన్ తన సహచరులతో కలిసి కుందేళ్ళకు ఆ రిసర్పీన్ ఇచ్చి చూచినాడు. అవి కదలక మెదలక పడియుండినవి. తరువాత వానికి డోపా అను ద్రవ్యమును సూదితో ఎక్కింపగా కొద్దిసేపటిలోనే లేచి తిరుగసాగినవి. ఈ విషయము 1957లో ప్రకటితమైనది. మెదడులో డోపమీన్ అను ద్రవ్యము పాత్ర ఏమో దీనివలన స్పష్టపడెను. 1960లో వియన్నా నగరమున ఓలే హార్నికీవిచ్, పార్కిన్సన్ వ్యాధితో మరణించినవారి మెదడులను పరీక్షించి, వానిలో డోపమీన్ చాల తగ్గియున్నదని కనుగొన్నాడు. మరుసటి సంవత్సరమే రోగులకు లెవోడోపా ఇచ్చి చూచినారు. 1967లో జార్జి కోట్జియాస్ దానిని నోటిద్వారా ఇచ్చు పద్ధతిని నిలిపినాడు. కార్ల్‌సన్‌కు 2000 సంవత్సరమున నోబెల్ బహుమానము లభించెను. నేటికిని ఈ వ్యాధికి ప్రధానౌషధము లెవోడోపాయే. ఆ ద్రవ్యము మన దూలగొండి గింజలలో ఉన్నదని 1937లోనే దామోదరన్, రామస్వామి అను ఇద్దరు భారతీయులు నిరూపించిరి. గింజ మనది, మూలిక మనది. నడుమ వారధియై నిలిచినవి ఆ కుందేళ్ళు. బిగిసిన చేయి మాత్ర వేసికొన్న కొంతసేపటికి సడలి, తండ్రి తన తీర్థమును తానే పుచ్చుకొన్న దృశ్యము చూచినవారు ఆ కుందేళ్ళను తలచుకొనకుండుట కృతఘ్నత యగును.

ఇంత మేలు కలిగినది గావున అది హింసయే కాదందమా? ఇక్కడ తొందరపడరాదు. కొందరు ఇట్లందురు: "నిజాంసాగర్ కాలువల క్రింద వరి పండించు రైతు గట్లమీది కన్నములలో మందు పెట్టి ఎన్నో ఎలుకలను చంపుచున్నాడు. దానికి లేని విచారము ప్రయోగశాలలోని ఎలుకలకు మాత్రమెందుకు?" రెండింటికి భేదము ఉన్నది. పొలములోని ఎలుక పంటను తినుచున్నది. రైతు తన అన్నమును కాపాడుకొనుటకు దానితో పోరుచున్నాడు. అదియు హింసయే. కాని ప్రయోగశాలలోని ఎలుక మనకు ఏ అపకారమును చేయలేదు. అది ఆ పంజరములోనే మనచే పుట్టింపబడినది. రోగము పొందుటకే పెంపబడినది. దానికి శత్రుత్వము లేదు, తప్పించుకొను త్రోవయు లేదు. మన చేతిలో పూర్తిగా పడిన ప్రాణి విషయమున మన బాధ్యత పెరుగును గాని తగ్గదు.

మరి కొందరు పండితులు యజ్ఞమును దృష్టాంతముగా తెత్తురు. యాగమున పశువును శాస్త్రము అనుమతించినది గదా, లోకహితమునకై చేయు ఈ ప్రయోగము కూడ ఒక యజ్ఞమే గదా అని వారి వాదము. విచిత్రమేమనగా ప్రయోగశాలల వారు కూడ ఆ మాటనే వాడుదురు. పరిశోధన పత్రములలో ఎలుకను చంపితిమని వ్రాయరు. సాక్రిఫైస్ చేసితిమని, అనగా బలి యిచ్చితిమని వ్రాయుదురు. ఈ మాట ఇక్కడ సరిపడునా అని విచారించుటకు మనకు ఆచార్యుల వాక్కు కంటె మంచి కొలబద్ద లేదు.

శ్రీభాష్యమున తృతీయాధ్యాయ ప్రథమపాదములో ఈ శంకయే వచ్చినది. యాగమున పశువును చంపుచున్నారు గదా, హింసతో కూడినది గనుక ఆ కర్మ అశుద్ధము కాదా అని పూర్వపక్షము. భగవద్రామానుజులవారు చెప్పిన సమాధానసారము ఇది: శాస్త్రప్రకారము ఆ పశువు ఉత్తమలోకమును పొందుచున్నది. తాత్కాలికముగా కొంత దుఃఖము కలిగినను, ఆ ప్రాణికే గొప్ప శ్రేయస్సును కలిగించు కర్మ హింస కాదు, అది రక్షణమే. వైద్యుడు చికిత్సలో కొంచెము నొప్పి కలిగించినంత మాత్రమున అతనిని హింసకుడని ఎవరు అందురు?

పాఠకులు ఈ యుక్తిని నిదానముగా పరిశీలింతురు గాక. ఆచార్యులవారు హింసకు ఫలము గొప్పదని చెప్పి ఒప్పించలేదు. లోకమునకు మేలు గనుక ఒక పశువు బాధపడవచ్చునని కూడ అనలేదు. దుఃఖము ఎవరికో హితము కూడ వారికే చేరవలెను, అప్పుడే అది హింస కాదు అన్నారు. ఈ కొలబద్దను ప్రయోగశాలకు పట్టి చూచినచో ఏమి తేలుచున్నది? వణకు ఎలుకది, ఔషధము మనది. నీటిలో ఈదిన శ్రమ దానిది, స్మృతి మనది. వైద్యుని దృష్టాంతము ఇక్కడ చెల్లదు. ఎందుకనగా ఆ ఎలుక ఇక్కడ రోగి కాదు. రోగము లేనిదానికి మనమే రోగమును తెచ్చితిమి. యజ్ఞమను పేరును చెల్లదు. యజ్ఞమునకు ప్రాణము త్యాగము. యజమాని తనదైన ద్రవ్యమును, ఇక ఇది నాది కాదని దేవతకు విడుచును. చేతనాచేతన సమస్తము భగవంతునికి శరీరమని నమ్మిన మనకు ఆ ఎలుక ప్రాణము ఏనాడు మనదైనది? మనది కానిదానిని మన మేలుకొరకు తీసికొనుటకు త్యాగమని పేరు పెట్టరాదు. శిబి పావురమును రక్షించుటకు మరియొక పక్షిని కోసి డేగకు ఇయ్యలేదు. తన తొడను కోసి ఇచ్చినాడు. దధీచి తన వెన్నెముకనే ఇచ్చినాడు. వారి చర్య త్యాగము. ప్రయోగశాలలో జరుగునది హింస. మొదట ఈ మాటను ఒప్పుకొనవలెను.

హింస అని ఒప్పుకొన్నంతనే అది సర్వథా నిషిద్ధమని తేలునా? ఇక్కడ మన ధర్మశాస్త్రము గొప్ప సూక్ష్మదృష్టిని చూపినది. మనుస్మృతి తృతీయాధ్యాయమున గృహస్థునకు ఐదు సూనలు చెప్పబడినవి. సూన అనగా వధ్యస్థానము. పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్ళకుండ అనునవి ఆ ఐదు. ఎంత సాత్త్వికుడైనను ఇంటిలో పొయ్యి రాజేసినప్పుడు, నేల ఊడ్చినప్పుడు ఎన్నో సూక్ష్మప్రాణులు నశించును. స్మృతి ఏమన్నదో చూడుడు. వంట మానుమనలేదు. చీమ చచ్చిన పాపము లేదనియు అనలేదు. నీవు వంట చేసికొనుము, కాని నీ ఇంటిలో ఐదు వధ్యస్థానములు ఉన్నవని మరువకుము, దానికి ప్రతిగా ప్రతిదినము ఐదు మహాయజ్ఞములు చేయుము అన్నది. ఆ ఐదింటిలో ఒకటి భూతయజ్ఞము, ప్రాణులకు అన్నము పెట్టుట. తప్పని హింసను ఒప్పు అని దిద్దక, ఋణముగా వ్రాసి, నిత్యము తీర్చుమన్న ఈ మార్గము చాల నిజాయితీ గలది.

కళాశాలలోని ప్రయోగశాల మన కాలపు ఆరవ సూన అని నాకు తోచుచున్నది. అయితే పొయ్యికి దీనికి ఒక భేదము ఉన్నది. పొయ్యిలో చీమ పడవలెనని ఎవరును కోరరు. ఇక్కడ బుద్ధిపూర్వకముగా సూది పట్టుచున్నాము. మహాభారతము ఆదిపర్వమున మాండవ్యమహర్షి కథ ఉన్నది. చేయని దొంగతనమునకు రాజభటులు ఆయనను కొఱత వేసినారు. ఏ పాపమునకు నాకీ శిక్ష అని ఆయన ధర్మదేవతను అడుగగా, చిన్నతనమున నీవు పురుగుల తోకలలో గడ్డిపుల్లలను గ్రుచ్చితివని సమాధానము వచ్చినది. తెలియని వయసున చేసినదానికి ఇంత శిక్షయా అని మహర్షి కోపించి ధర్మదేవతను శపించెను. అతడే విదురుడై జన్మించెను. పదునాలుగేండ్లు నిండువరకు చేసినది పాపముగా లెక్కింపరాదని కూడ మహర్షి హద్దు ఏర్పరచెను. శిక్ష అధికమని మహర్షి వాదించెను గాని, పురుగునకు నొప్పి లేదని వాదింపలేదు. అతడు ఏర్పరచిన హద్దు బాలురకు వర్తించును. కళాశాలకు వచ్చినవారికి ఆ మినహాయింపు లేదు. వారు తెలిసి పట్టిన సూదికి కారణము చెప్పవలసియుండును.

ఆ కారణము ఎట్టిదై ఉండవలెను? వేరు త్రోవ లేనప్పుడే తప్పని హింస అనబడును. దీనికి నారాయణీయోపాఖ్యానములోని ఉపరిచర వసువు కథ సాక్ష్యము. యాగమున అజమును హోమము చేయవలెనను వాక్యమునకు అర్థమేమని ఋషులకు దేవతలకు వివాదము వచ్చినది. అజమనగా ధాన్యబీజమని ఋషులు, మేకయని దేవతలు అన్నారు. ఉపరిచరుడు నారాయణభక్తుడు, తాను చేసిన అశ్వమేధమున పశువును చంపనివాడు. అట్టివాడు కూడ దేవతల పక్షము పట్టి మేకయే అని తీర్పు చెప్పినాడు. వెంటనే ఆకాశమునుండి పడి భూవివరమున చిక్కుకొన్నాడు. తుదకు శ్రీమన్నారాయణుని ఆజ్ఞచే గరుత్మంతుడు వచ్చి పైకి తీసెను. భక్తి ఉన్నను, పదవి ఉన్నను, ధాన్యముతో నెరవేరు పనికి ప్రాణిని చూపినవానికి పతనము తప్పలేదు. శ్రీమధ్వాచార్యుల సంప్రదాయమున పిండితో చేసిన పశువును, అనగా పిష్టపశువును హోమమునందు గ్రహించుట మనము ఎరిగినదే. హింస లేని ప్రత్యామ్నాయమును వెదకుట మన మతమునకు క్రొత్త కాదు. అది మన పెద్దలు నడచి చూపిన దారియే.

నేటి విజ్ఞానమునకు కూడ పిష్టపశువులు ఉన్నవి. 1959లో రసెల్, బర్చ్ అను ఇద్దరు ఆంగ్లేయ శాస్త్రజ్ఞులు మూడు నియమములు చెప్పినారు: ప్రాణికి బదులు వేరొకటి వాడుట, తప్పనిచో సంఖ్య తగ్గించుట, బాధను తగ్గించుట. మన దేశమున నాట్యకళాకోవిదురాలగు రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా జంతువులపై క్రూరత్వమును అరికట్టు బిల్లును తెచ్చి పోరాడినది. దాని ఫలితముగా 1960లో చట్టము ఏర్పడెను. ఆ చట్టము 17వ విభాగమున, కళాశాలలలో పుస్తకములు, నమూనాలు, చలనచిత్రములు మొదలైనవానితో బోధింపగలిగినచోట ప్రాణులపై ప్రయోగము మానవలెనని, కేవలము చేతినేర్పు కొరకు సాధ్యమైనంతవరకు ప్రయోగము చేయరాదని, శస్త్రచికిత్సతో కూడిన ప్రయోగములు సాధ్యమైనంతవరకు మత్తు ఇచ్చియే చేయవలెనని ఉన్నది. జంతుశాస్త్ర తరగతులలో ప్రాణులను కోయుట నిలుపవలెనని 2014లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఆదేశించినది. 2007లో జపాను శాస్త్రజ్ఞుడు షిన్యా యమనాక, మనుష్యుని చర్మకణమును మూలకణముగా మార్చు విధానమును ప్రకటించినాడు. ఆ మూలకణమునుండి నాడీకణములను పెంపవచ్చును. రోగి చర్మమునుండి కొంచెము తీసి, అతని రోగమునే పాత్రలో పరిశీలించుట దీనివలన సాధ్యమైనది. ఆచార్యులవారి కొలబద్దకు ఇది దగ్గరగా వచ్చును. నొప్పి పడినవాడును మేలు కోరువాడును ఒక్కడే. 2023లో మన దేశపు నూతనౌషధ నియమములు కూడ సవరింపబడి, ఇట్టి కణపరీక్షలకు స్థానము కల్పించినవి.

పాత్రలోని కణము నడవదు, మరువదు, కుటుంబమును గుర్తుపట్టదు. కావున సంపూర్ణ శరీరమున మాత్రమే తెలియు విషయములు కొన్ని ఇంకను ఉన్నవని శాస్త్రజ్ఞులు చెప్పుమాటలో సత్యము ఉన్నది. కాని ఎలుక కూడ మనుష్యునికి సంపూర్ణమైన ప్రతిరూపము కాదు. మతిమరపు వ్యాధిలో మెదడునందు పేరుకొను మలినమును ఒక టీకా చిట్టెలుకలలో తగ్గించినదని 1999లో ప్రకటించినారు. ఆ టీకాను మనుష్యులకు ఇచ్చినప్పుడు కొందరికి మెదడువాపు వచ్చుటచే 2002లో పరీక్షలను నిలిపివేసిరి. చిట్టెలుకలకు పనిచేసిన మందులు ఎన్నియో మనుష్యులకు పనిచేయలేదు. అదే మార్గమున చిరకాలము శ్రమింపగా 2023లో అమెరికాలో లెకానమాబ్ అను మందుకు పూర్తి అనుమతి లభించినది. అది వ్యాధి వేగమును కొంత తగ్గించును గాని పోయిన జ్ఞాపకమును తిరిగి తేదు. ప్రాణహింస జరిగినది గనుక ఫలము నిశ్చయమని ఎవరును చెప్పజాలరు.

జ్ఞానమంతయు ప్రాణిహింసతోనే వచ్చునను భావము కూడ సరికాదు. కేసరి పప్పును నెలల తరబడి ప్రధానాహారముగా తిన్నవారికి కాళ్ళు బిగిసి నడక పోవును. ఇదియు నాడీకణములు చెడుటచే కలుగునదే. పదునారవ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశమున త్రిపుటమను ఈ ధాన్యము మనుష్యుని కుంటివానిగా చేయునని చెప్పినాడు. ఆయన ఏ ప్రాణికిని విషము పెట్టలేదు. మనుష్యుల ఆహారమును, నడకను శ్రద్ధగా చూచినాడు. 1964లో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థలో ఎస్. ఎల్. ఎన్. రావు, అడిగా, శర్మ అను శాస్త్రజ్ఞులు ఆ పప్పులోని విషద్రవ్యమును వేరుచేసి ప్రకటించినారు. అది నాడులపై పనిచేయునని కోడిపిల్లల వలన తెలిసికొన్నారు. రావుగారు తరువాత హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయమున పనిచేసినారు. విషమేదో తెలియుటకు కోడిపిల్లలు కావలసివచ్చినవి. ఆ పప్పు తినవద్దని చెప్పుటకు భావమిశ్రుని కన్నులు చాలినవి. పరిశోధకుడు సూదిని తీయకముందు తాను వెదకునది ఈ రెండింటిలో ఏదో తేల్చుకొనవలెను.

ఇక ఆ బాలికకు నేను చెప్పినది ఇది. "అమ్మా, మూడు ప్రశ్నలు వేసికొనుము. నీవు కనుగొనదలచినది ఇంతకుముందే ఎవరైన కనుగొన్నారా? ప్రాణి లేకుండ కొంతవరకైన దానిని తెలిసికొనవచ్చునా? పట్టా లేకున్నను ఈ ప్రయోగము చేయదగినదని నీకు తోచుచున్నదా? మూడింటికి సరియైన సమాధానము దొరకినచో, అనుమతించిన సంఖ్యకు ఒక్కటియు మించక, మత్తులోను శుభ్రతలోను లోపము లేక చేయుము. అది హింసయని ఎరిగి చేయుము. దొరకనిచో, గురువుగారికి వినయముతో చెప్పి వేరొక విషయము కోరుము." ఆమె గురువును అడిగినది. కణములతో పరీక్షించు సౌకర్యము ఆ కళాశాలలో లేదు. అదే మూలికపై ఇదివరకే పెక్కుమంది పనిచేసియున్నారని మాత్రము ఆమెకు తెలిసినది. విషయము మార్చుకొన్నచో ఒక సంవత్సరము ఆలస్యమగును. ఆమె తండ్రి అప్పు తెచ్చి చదివించుచున్నాడు. ఆమె ఏమి చేయునో ఇంకను నిశ్చయించుకొనలేదు. దూరముగా కూర్చున్న మనము ఆమెను తొందరపెట్టరాదు. పట్టాకు అనవసరమైన ప్రాణిహింసను ముడిపెట్టిన పద్ధతిని మార్చవలసినవారు పెద్దలు. ఆ భారమును ఒక పేదపిల్ల తలపై మోపి మనము పాపపుణ్యములు లెక్కించుట న్యాయము కాదు.

గృహస్థులమగు మనము చేయదగినవి ఉన్నవి. ఇది చదివి ఎవరును వైద్యులు ఇచ్చిన మాత్రలను మానవలదు. ప్రాణులు బాధపడి సంపాదించిపెట్టిన ఔషధమును వ్యర్థము చేయుట మరియొక దోషము. మాత్రను చేతికి తీసికొన్నప్పుడు దాని వెనుక ఒక మూగప్రాణి ఉన్నదని తలచుట మొదటి పని. వృద్ధునికి అన్నము పెట్టుటకు ముందు కాకికి, ఆవుకు, చీమకు పెట్టు ముద్దను మానకుండుట రెండవది. భూతబలి వట్టి ఆచారమను తలంపు ఇకనైన తొలగవలెను. మూడవది మరికొంత ధైర్యము కోరును. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో 1995నుండి మనుష్యుల మెదడులను భద్రపరచు భాండాగారము పనిచేయుచున్నది. మరణానంతరము మెదడును ఇచ్చినవారివలన మనుష్యరోగమును మనుష్యునియందే పరిశీలించు అవకాశము కలుగును. మెదడును ఇచ్చినంత మాత్రమున మిగిలిన దేహమునకు అంత్యేష్టి లోపింపనక్కరలేదు. వియన్నాలో డోపమీన్ లోపము తెలిసినది ఇట్టి మెదడులవలననే గదా! దధీచి కథను పురాణములలో విని ఆనందించు మనకు, ఇది ఆయన మార్గమున వేయగల చిన్న అడుగు. దీనిని ఇంటిలో పెద్దలు తెలివిగా ఉన్నప్పుడే కూర్చుండి మాటలాడుకొనవలెను.

ఒక మాట చెప్పి ముగింతును. ఈ వ్యాధులయెడ మనకు గల భయములో పెద్దభాగము, అంత్యకాలమున భగవన్నామము తలపునకు రాదేమో అనునదే. ఆ భయముతో, ఎన్ని ప్రాణులు పోయినను సరే, నా స్మృతి నాకు దక్కవలెనను ఆతురత పుట్టును. కాని వరాహస్వామి భూదేవికి ఇచ్చిన మాటను మన పూర్వులు చరమశ్లోకమని గౌరవించినారు. మనసు, శరీరము స్వస్థముగా ఉన్ననాడు నన్ను తలచిన భక్తుడు, అంత్యకాలమున కట్టెవలె రాతివలె పడియున్నను, నేనే అతనిని తలచి పరమగతికి చేర్చుదునని స్వామి ప్రతిజ్ఞ. మన స్మృతి పోయినను స్వామి స్మృతి పోదు. ఈ విశ్వాసము ఉన్నవాడు ఔషధమును నిరాకరింపడు. ఏ మూల్యమునకైన సరే కావలెనని కూడ అడుగడు. బుద్ధి స్వస్థముగా ఉన్న ఈ దినమున స్వామిని తలచుట, స్వామి శరీరమగు ప్రాణికోటిని అనవసరముగా నొప్పింపకుండుట మన చేతిలో ఉన్నవి. శ్రీనివాసుడు వృద్ధులకు స్వస్థతను, పరిశోధకులకు హింస లేని మార్గమును, మనకు ఋణము మరువని బుద్ధిని అనుగ్రహించుగాక.